మన మెదడు – దాని నిర్మాణము, పనులు

వేలూరు నుండి తొరపాడి మీదుగా బాగాయమునకు పోవు త్రోవ మన కందరకును నిత్యపరిచితమైనది. ఆ త్రోవలో క్రైస్తవ వైద్య కళాశాలయు, దానికి చెందిన మానసిక ఆరోగ్య కేంద్రమును గలవు. ఆ కళాశాల వారి పెద్ద ఆసుపత్రి పట్టణ మధ్యమున నున్నది. చిత్తూరు, కడప, నెల్లూరు మొదలగు ప్రాంతముల నుండి మన భాష మాటలాడు రోగులు ప్రతిదినము కాట్పాడి స్టేషనులో దిగి యచ్చటికి వచ్చుచుందురు. వారిలో తలకు సంబంధించిన వ్యాధులతో వచ్చువారును కలరు. దీనికి తగిన చరిత్ర కలదు. 1949వ సంవత్సరమున డాక్టరు జేకబ్ చాండీ గారు ఈ వేలూరిలోనే మెదడునకు, నాడులకు శస్త్రచికిత్స చేయు విభాగమును నెలకొల్పిరి. భారతదేశమున నట్టి విభాగములలో నిదియే మొదటిది. వారు కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున వైల్డర్ పెన్‌ఫీల్డు అను ప్రసిద్ధ వైద్యుని యొద్ద శిక్షణ పొందినవారు. మరుసటి సంవత్సరమున, అనగా 1950లో, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టరు బి. రామమూర్తి గారు ఇట్టి కృషినే ప్రారంభించిరి.

ఇంతటి విద్య మన యూరిలోనే వర్ధిల్లుచున్నను, మెదడును గూర్చి మన యిండ్లలో నున్న అభిప్రాయములు మాత్రము పలువిధములు. బడిలో పిల్లలను చేర్చు దినములలో తలిదండ్రులు మాతో ననుమాటలను బట్టి ఈ సంగతి తెలియుచుండును. "ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము, బడిలో నింగ్లీషు, ఇన్ని భాషలు ఈ పసితలలో నెట్లు పట్టును? తెలుగు మానిపించిన భారము తగ్గదా?" అని యడుగువారు పెక్కురు. 2006వ సంవత్సరపు రాష్ట్ర చట్టము ననుసరించి తమిళము విధి పాఠమైన పిదప నీ ప్రశ్న మరింత తరచుగా వినవచ్చుచున్నది. ఇది ఉపేక్షింపదగిన ప్రశ్న కాదు. కాని దీనికి జవాబు చెప్పవలెనన్న, ముందు మెదడనగా నేమో, అది యెట్లు పనిచేయునో కొంత తెలిసికొనవలెను. అందుకొరకే ఈ వ్యాసము.

మెదడునకు గల కాపుదల

మన శరీరమందు మెదడునకు గల రక్షణ మరి యే యవయవమునకును లేదు. వెలుపల వెంట్రుకలు, చర్మము. దాని క్రింద గట్టి యెముకలతో నేర్పడిన కపాలము. కపాలము లోపల మెదడును చుట్టుకొని మూడు పొరలు గలవు. అన్నింటికంటె బయటిది దళసరి పొర. దీనిని వరాశిక యందురు. నడుమనున్నది సాలెగూటి వలె పలుచనైన లౌతికళ. మెదడు నంటుకొని దాని ముడుతలలోనికి దిగునది మృద్వి. లౌతికళకును మృద్వికిని నడుమ నీటివంటి తేటద్రవము ప్రవహించుచుండును. దీనిని మస్తిష్క మేరుద్రవ మందురు. పెద్దవారిలో నిది సుమారు 150 మిల్లీలీటర్లు, అనగా చిన్న గ్లాసెడు మాత్రమే యుండును. మెదడు ఈ ద్రవమున తేలుచున్నట్లుండుట చేత దాని బరువు దానికి తెలియదు. చిన్న చిన్న యదురులు దానికి సోకవు.

ఇంత కాపుదల యెందులకన, మెదడు మిక్కిలి మెత్తనిది. గట్టిగా తోడుకొనిన పెరుగును జ్ఞప్తికి తెచ్చుకొనిన దాని మెత్తదనము కొంత తెలియగలదు. కుండ పగులకున్నను, కుండను విసురుగా కుదిపిన లోని పెరుగు చెదరును గదా. అట్లే పుర్రె పగులకున్నను, వేగముగా పోవు మోటారు సైకిలు మీదినుండి పడినవాని మెదడు పుర్రె గోడలకు తాకి దెబ్బతినవచ్చును. పైకి గాయము కనబడలేదు కనుక భయము లేదని తలచుట సరికాదు. తండ్రి తలకు హెల్మెటు పెట్టుకొని, వెనుక కూర్చున్న బిడ్డ తలను బోసిగా నుంచుట మనము దినమును చూచుచున్న దృశ్యము. బిడ్డ పుర్రె తండ్రి పుర్రెకంటె పలుచన యని యెరిగిన వారట్లు చేయరు.

మూడు ముఖ్యభాగములు

పెద్దవారి మెదడు సుమారు 1,300 మొదలు 1,400 గ్రాముల బరువుండును. దానిని పెద్ద మెదడు, చిన్న మెదడు, మెదడు కాండము అని మూడు ముఖ్యభాగములుగా చెప్పుట వాడుక.

పెద్ద మెదడు కపాలములో నెక్కువ భాగమును నింపుచున్నది. ఇది కుడి, ఎడమ యని రెండు అర్ధగోళములుగా విభజింపబడి యున్నది. ఈ రెండింటిని కోట్లకొలది నాడీతంతువులతో కూడిన పెద్ద వంతెన కలుపుచున్నది. ఇందొక వింత కలదు. ఎడమ అర్ధగోళము శరీరము యొక్క కుడి భాగమును, కుడి అర్ధగోళము ఎడమ భాగమును నడపును. కావుననే మెదడున నెడమ ప్రక్క రక్తనాళము మూసికొనిపోయిన వానికి కుడి చేయి, కుడి కాలు పడిపోవును. పెద్ద మెదడు పైభాగము అక్రోటు పప్పు వలె ముడుతలు పడియుండును. వెడల్పైన వస్త్రమును చిన్న పెట్టెలో నుంచవలెనన్న మడతలు పెట్టక తప్పదు. అట్లే ఎక్కువ విస్తీర్ణము గల పైపొరను చిన్న పుర్రెలో నిముడ్చుటకై ప్రకృతి యీ యేర్పాటు చేసినది.

ప్రతి అర్ధగోళమునందును నాలుగు లంబికలు గలవు. నుదుటి వెనుకనున్నది లలాట లంబిక. ఆలోచించుట, ముందు వెనుకలు చూచుట, కోపము నణచుకొనుట, అవయవములకు కదలుమని యాజ్ఞ యిచ్చుట దీని పనులు. నడినెత్తి ప్రాంతమున నున్న కుడ్య లంబిక స్పర్శ, వేడి, చలి, నొప్పి మొదలగు వానిని గ్రహించును. చెవుల దగ్గర నున్న శంఖ లంబిక వినుటకును, జ్ఞాపకమునకును సంబంధించినది. తల వెనుక నున్న అనుకపాల లంబిక చూపునకు స్థానము. కన్ను చక్కగా నున్నను ఈ వెనుకటి భాగము చెడిన మనుష్యుడు చూడలేడు. చూచునది కన్నే యని మన మనుకొందుము; నిజముగా చూచునది మెదడు.

ఈ నాలుగింటిలో లలాట లంబిక తుదకు పక్వమగునది. ఇరువది యేండ్లు దాటిన తరువాత గాని అది పూర్తిగా పరిణతి పొందదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఎత్తులో తండ్రిని మించిన పదునైదేండ్ల బాలుడు పర్యవసానము నాలోచింపక తొందరపడుటకు నిది యొక కారణము. అట్టి బాలుని విషయమున తలిదండ్రులకు గాని, ఉపాధ్యాయులకు గాని ఓర్పు కావలెను. ఓర్పు అనగా విడిచిపెట్టుట కాదు. వానిలో నింకను పూర్తిగా నేర్పడని వివేకమునకు బదులు మన వివేకమును కొంతకాలము తోడిచ్చుట.

తల వెనుక, పెద్ద మెదడు క్రింద నున్నది చిన్న మెదడు. శరీరమును తూకము తప్పకుండ నిలుపుట, కండరములను ఒకదానితో నొకటి పొందుపరచి నడపుట దీని పని. గుడియాత్తము నేతగాడు మగ్గము ముందు కూర్చుండి, కాలితో పావుకోళ్లను త్రొక్కుచు, చేతితో నాడెను విసరుచు, ప్రక్కవానితో ముచ్చట లాడుచుండును. మొదట నేర్చు దినములలో నతడు ప్రతి కదలికకును ఆలోచింపవలసి వచ్చినది. అభ్యాసము ముదిరిన పిమ్మట చిన్న మెదడును, మెదడు లోతులలోని మరికొన్ని భాగములును ఆ భారమును తమ మీద వేసికొనినవి. మత్తు పదార్థము త్రాగినవాడు తూలిపోవుటకు చిన్న మెదడు మత్తు చేత తన పని మరచుటయే ముఖ్యకారణము.

మూడవది మెదడు కాండము. దీని యడుగు భాగమునకు మజ్జాముఖ మని పేరు. అది క్రిందికి వెన్నుపాముగా సాగుచున్నది. మనము నిద్రించుచున్నను, మరచియున్నను ఊపిరి పీల్పించునది, గుండె కొట్టుకొను వేగమును సరిచేయునది ఇదియే. మెదడు నుండి 12 జతల కపాల నాడులును, వెన్నుపాము నుండి 31 జతల వెన్ను నాడులును బయలుదేరి శరీరమంతటను వ్యాపించుచున్నవి. వీని మూలముననే మెదడునకు వార్తలు చేరును. మెదడు నుండి యాజ్ఞలు వెడలును.

నాడీకణములు

మెదడును సూక్ష్మదర్శినితో చూచిన అది అసంఖ్యాకములైన నాడీకణములతో నిండియున్నట్లు కనబడును. ఒక మనుష్యుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణము లున్నవని 2009వ సంవత్సరమున ప్రకటింపబడిన లెక్క తెలుపుచున్నది. వీనిలో నెక్కువ భాగము చిన్న మెదడులోనే యుండుట యాశ్చర్యకరము. ప్రతి కణమునకును వార్తల నందుకొను చిన్న కొమ్మలును, వార్తను పంపు పొడవైన తంతువును ఉండును. వార్త విద్యుత్తు రూపమున తంతువు వెంట పోవును. ఒక కణమునకును మరియొక కణమునకును నడుమ మిక్కిలి సన్నని యెడము గలదు. అచ్చట రసాయన పదార్థములు విడువబడి వార్తను ఆవలి కణమునకు చేర్చును. ఈ చోటును నాడీసంధి యందురు. ఒక్కొక్క కణమునకు వేలకొలది సంధులు గలవు.

నేర్చుకొనుట యనగా ఈ సంధులు బలపడుటయే. వేసవిలో పాలాటి ఇసుకలో మొదట త్రోవ యుండదు. ఒకరు నడచిన చోటనే పదిమంది నడచిన బాట యేర్పడును. నడచుట మానిన గాలికి కప్పబడిపోవును. మెదడులోని త్రోవలును ఇట్టివే. మరల మరల వాడిన సంధులు దృఢమగును, వాడనివి సన్నగిలును. పసితనమున సంధులు మిక్కుటముగా నేర్పడి, తరువాత వాడుక ననుసరించి కొన్ని నిలుచును, కొన్ని తొలగును. శిశువు మెదడు పుట్టినప్పుడు పెద్దవారి మెదడు బరువులో నాలుగవ వంతునకు కొంచెము మించి యుండును. అయిదారు ఏండ్లకు నూటికి తొంబది పాళ్లవరకు పెరుగును. బడికి పంపుటకు ముందే మెదడు తన పెరుగుదలలో నధిక భాగమును ముగించుకొనుచున్నదని తలిదండ్రులు గమనింపవలెను. ఆ కాలమున బిడ్డతో మాటలాడుట, కథలు చెప్పుట, పాటలు వినిపించుట కేవలము కాలక్షేపము కాదు. అదియే తొలి విద్య.

మెదడునకు ఆహారము

శరీరపు బరువులో మెదడు నూటికి రెండు పాళ్లు మాత్రమే. కాని శరీరము విశ్రాంతిగా నున్నప్పుడు ఖర్చుచేయు శక్తిలో నూటికి ఇరువది పాళ్లు ఇదియే తీసికొనును. నిమిషమునకు సుమారు ముప్పాతిక లీటరు రక్తము దీనికి కావలెను. రక్తము పది సెకండ్లు నిలిచిన తెలివి తప్పును. కొలది నిమిషములు నిలిచిన కణములు చచ్చుటకు ప్రారంభించును.

ఈ సందర్భమున మన తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని స్మరింపవలెను. వారు 1895లో భీమవరమున జన్మించిరి. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను నాచార్యునితో కలసి పనిచేసి, కండరములలో శక్తిని నిలువచేయు పదార్థములను కనుగొనిరి. వానిలో ఏ.టీ.పీ. అను పదార్థము మెదడు కణములతో సహా జీవకణము లన్నింటికిని చెల్లుబాటగు నాణెము వంటిది; కణము ప్రతి పనికిని దీనినే ఖర్చుపెట్టును. తరువాత లెడర్లీ సంస్థలో వారి యాధ్వర్యమున పనిచేసిన శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. సుబ్బారావు గారు 1948లో కాలధర్మము చెందిరి. వారు గతించిన పెక్కేండ్లకు, 1991లో, ఫోలిక్ ఆమ్లము గర్భస్థ శిశువు యొక్క మెదడు, వెన్నుపాములలో పుట్టు లోపములను చాలవరకు వారింపగలదని బ్రిటను దేశమున జరిగిన పెద్ద పరిశోధన రుజువు చేసినది. మెదడు, వెన్నుపాము ఏర్పడు గొట్టము గర్భము నిలిచిన నాలుగు వారములలోనే మూసికొనును. అప్పటికి పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతుల మన్న సంగతియే తెలియదు. కావున బిడ్డ కావలెనని కోరు స్త్రీ ముందునుండియే వైద్యుల సలహా ప్రకారము ఈ మాత్రలను వాడుట మంచిది.

బిడ్డ మెదడు పెరుగుటకు అయొడిను, ఇనుము, మాంసకృత్తులు కావలెను. అయొడిను కలిపిన ఉప్పు, ఆకుకూరలు, పప్పు, గ్రుడ్డు, పాలు వీనిని సమకూర్చును. ఉదయము ఏమియు తినకుండ బడికి వచ్చిన పిల్లవాడు రెండవ గంట కాకముందే పరధ్యానముగా నుండుట ఉపాధ్యాయులు గమనించు విషయమే. వానిని మందబుద్ధి యనుటకు ముందు, వాడు తిని వచ్చెనా లేదా యని యడుగుట న్యాయము.

ఆహారమువలెనే నిద్రయు ముఖ్యము. పగలు నేర్చినదానిని మెదడు నిద్రలో స్థిరపరచుకొనును. శంఖ లంబిక లోపల హిప్పోకాంపస్ అను చిన్న భాగము గలదు; క్రొత్త విషయములు జ్ఞాపకమున నిలుచుటకు నిది యవసరము. 1953లో అమెరికాలో మూర్ఛ చికిత్సకై ఒక యువకునికి ఈ భాగమును రెండు ప్రక్కలను తీసివేసిరి. మూర్ఛలు తగ్గినవి, కాని యతడు ఆ తరువాత జరిగిన సంగతులను జ్ఞప్తి యుంచుకొనలేక పోయెను. ఆ రోగి మూలముననే జ్ఞాపకమునకు ప్రత్యేక స్థానము గలదని లోకమునకు తెలిసినది. ఆరు మొదలు పండ్రెండేండ్ల పిల్లలకు దినమునకు తొమ్మిది గంటలకు తక్కువ కాని నిద్ర కావలెను. రాత్రి ప్రొద్దుపోవువరకు సెల్లుఫోను చూచు పిల్లవానికి, తెల్లవారుజామున లేపి బట్టీ పెట్టించుట వలన నష్టమే గాని లాభము లేదు.

భాషలు, మెదడు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. 1861లో పారిస్ నగరమున పాల్ బ్రోకా అను వైద్యుడు, "టాన్" అను నొక్క శబ్దము తప్ప మరియేమియు పలుకలేని రోగి మరణించిన పిమ్మట అతని మెదడును పరీక్షించి, ఎడమ లలాట లంబికలో నొకచోట దెబ్బ యున్నట్లు చూచెను. ఆ రోగికి ఇతరులు చెప్పినది చాలవరకు తెలియుచుండెను. పలుకుట మాత్రము రాదు. 1874లో జర్మనుడైన వెర్నికే, ఎడమ శంఖ లంబిక వెనుక భాగము చెడిన వారు ధారాళముగా పలికినను అర్థము లేకుండ మాటలాడుదురనియు, ఇతరుల మాటలు గ్రహింపలేరనియు చూపెను. పలుకుటకు, గ్రహించుటకు వేర్వేరు స్థానములు గలవని యప్పుడు తెలిసినది. ఆ పిమ్మట జరిగిన పరిశోధనల వలన భాష యీ రెండు చోటులలోనే గాక, మెదడున విశాలముగా అల్లుకొనిన నాడీజాలములో నున్నదని తేలినది.

ఒక్కొక్క భాషకు నొక్కొక్క గది యుండి, మూడు భాషలు వచ్చిన గదులు చాలవనుట సత్యము కాదు. ఒకే నాడీజాలము పెక్కు భాషలకు చాలవరకు ఉమ్మడిగా పనిచేయును. శిశువు మొదటి నెలలలో ఏ భాషా ధ్వనుల నైనను వేరుపరచి వినగలదు. ఏడాది నిండు నాటికి తన చుట్టు వినబడు భాషల ధ్వనులకు చెవి యలవాటుపడును. రెండు భాషలు వినుచు పెరిగిన బిడ్డకు మొదట నొక్కొక్క భాషలో మాటలు కొంచెము తక్కువగా కనబడవచ్చును. రెండింటిని కలిపి లెక్కించిన కొరత యుండదు. రెండు భాషల మాటలు కలిపి పలుకుట కలవరము కాదు, ఎదుటివానికి రెండును వచ్చునని యెరిగి పలుకుటయే. అయితే రెండేండ్లు నిండియు ఏ భాషలోను మాటలు రాని బిడ్డను వైద్యునకు చూపవలెను. వాని చెవిని ముందు పరీక్షింపవలెను. అట్టి బిడ్డ యింటిలో తెలుగు మానివేయుట చికిత్స కాదు.

చదువుట విషయ మించుక వేరు. మాటలాడుటకు ప్రకృతి మెదడును సిద్ధము చేసినది, చదువుటకు చేయలేదు. అక్షరమును గుర్తించుటకు, చూపునకును భాషకును నడుమ నున్న ఎడమ ప్రక్క భాగమొకటి అభ్యాసము చేత తీర్చిదిద్దబడును. గీతకు ధ్వని కలదను రహస్య మొక లిపిలో తెలిసినవానికి, రెండవ లిపిలో దానిని మరల నేర్పనక్కరలేదు. క్రొత్త గీతలను మాత్రమే నేర్పవలెను. తమిళమున క, గ ధ్వనులకు నొక్కటే యక్షరము, తెలుగున వేర్వేరు. ఈ భేదమును పిల్లలు కొలది నెలలలో గ్రహింతురు. తాను వినియెరిగిన భాషలో ఈ రహస్యమును మొదట నేర్చిన బిడ్డకు అది సులభముగా పట్టుబడును. ఏలయన అక్షరములను కూడబలికినంతనే అర్థము తోచును. అర్థము తెలియని భాషలో మొదట చదువ నేర్చు బిడ్డ, గీతతోను అర్థముతోను ఒకేసారి పెనుగులాడవలసి వచ్చును.

ఇక తెలుగువారి నడుమ జరిగిన ఒక పరిశోధనను చెప్పెదము. హైదరాబాదు నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి గారును, సహచరులును మతిమరపు వ్యాధితో వచ్చిన 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. ఒక్క భాషయే వచ్చిన వారికంటె, రెండు లేక అంతకంటె నెక్కువ భాషలు వచ్చిన వారికి ఆ వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా ప్రారంభమైనది. చదువు రాని వారిలో సహితము ఈ భేదము కనబడినది. కనుక ఇది బడిచదువు వలన మాత్రమే కలిగిన ఫలము కాదని వారు చెప్పిరి. పక్షవాతము వచ్చిన 608 మందిని గూర్చి అదే సంస్థ నుండి 2016లో వెలువడిన పరిశోధనలో, వ్యాధి తరువాత బుద్ధిశక్తి చెడక నిలిచినవారు బహుభాషులలో నూటికి నలుబది మంది. ఏకభాషులలో ఇరువది మంది మాత్రమే. ఇతర దేశముల పరిశోధన లన్నియు ఒకే రీతి ఫలితము నియ్యలేదన్నదియు నిజమే. భాషలు నేర్చినంతనే ఎవరును మేధావులు కారు. కాని అధిక భాషల వలన మెదడు చెడునని మాత్రము ఎచ్చటను రుజువు కాలేదు. భారమగునది భాష కాదు. భయపెట్టి, కొట్టి, అర్థము చెప్పక నేర్పు పద్ధతి.

మెదడునకు వచ్చు కొన్ని వ్యాధులు

మూర్ఛను గ్రహమనియు, శాపమనియు తలచువా రింకను గలరు. మెదడులో నొక భాగమున విద్యుత్తు అకస్మాత్తుగా అదుపు తప్పుటయే మూర్ఛ. 1952లోనే వేలూరిలో డాక్టరు చాండీ గారు మూర్ఛకు శస్త్రచికిత్స చేసిరి. పదిమంది రోగులలో ఏడుగురికి సరియైన మందుల చేతనే మూర్ఛలు అదుపులోనికి రాగలవు. మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవి పెట్టుట, నోటిలో చెంచా దూర్చుట నిష్ప్రయోజనములు, అపాయకరములు. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, మెడ దగ్గరి బట్టలు వదులు చేసి, చుట్టునున్న గట్టి వస్తువులను తొలగింపవలెను. అయిదు నిమిషములకు మించిన ఆసుపత్రికి చేర్పవలెను. మూర్ఛ యున్న బిడ్డను బడి మానిపింపనక్కరలేదు. వివాహ చట్టములలో మూర్ఛ అడ్డంకిగా నున్న మాటను సహితము 1999లో తొలగించిరి.

మన వేలూరు జిల్లాలో క్రైస్తవ వైద్య కళాశాల వారు యాబది వేల మందికి పైగా ప్రజలను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితములను బట్టి, మూర్ఛరోగులలో సుమారు మూడవ వంతు మందికి మెదడులో చేరిన బద్దెపురుగు పిల్లలే కారణమని తేలినది. సరిగా ఉడకని పంది మాంసము తిన్నవాని ప్రేగులలో బద్దెపురుగు పెరుగును. వాని మలముతో వెడలిన గ్రుడ్లు నీటిలో, పచ్చికూరలలో, చేతులలో చేరి ఇతరుల కడుపులోనికి పోవును; అచ్చటినుండి రక్తము ద్వారా మెదడునకు చేరును. కావున మాంసము ముట్టని వారికిని ఈ వ్యాధి రాగలదు. మరుగుదొడ్డి వాడుట, సబ్బుతో చేతులు కడుగుకొనుట, పచ్చికూరలను బాగుగా కడుగుట అను మూడు అలవాట్లు ఎన్నియో మెదడులను కాపాడగలవు.

జపాను మెదడువాపు జ్వరము కూడ భారతదేశమున మొదట గుర్తింపబడినది మన ప్రాంతముననే. 1955లో ఉత్తర ఆర్కాటు జిల్లా నుండియు, ప్రక్కనున్న ఆంధ్ర జిల్లాల నుండియు వచ్చిన రోగులలో వేలూరు వైద్యులు దీనిని కనుగొనిరి. వరిపొలముల నీటిలో పెరుగు దోమలు పందుల నుండి, కొంగల నుండి ఈ విషక్రిమిని మనుష్యులకు తెచ్చును. వ్యాధి యున్న జిల్లాలలో ప్రభుత్వము వారు పిల్లలకు టీకా వేయించుచున్నారు. తీవ్రజ్వరముతో తెలివి తప్పిన బిడ్డను మంత్రగాని యొద్దకు గాక తిన్నగా ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

పెద్దలకు వచ్చు పక్షవాతమును గూర్చి పిల్లలకు సహితము నేర్పవలెను. మూతి ఒక ప్రక్కకు వంకరపోవుట, ఒక చేయి లేపలేకుండుట, మాట తడబడుట హఠాత్తుగా కనబడిన, తోడనే 108కి ఫోను చేయవలెను. గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇచ్చిననే పనిచేయును. తాతగారికి నిద్ర లేచిన సరిపోవునని వేచియుండుట వలన కలుగు నష్టము తిరిగి పూడ్చరానిది.

తలిదండ్రులకు మనవి

మెదడు మెత్తని యవయవమైనను బలహీనమైనది కాదు. వాడినకొలది వృద్ధిపొందును, వాడకున్న సన్నగిలును. దానికి కావలసినవి మంచి యాహారము, చాలినంత నిద్ర, శుభ్రత, దెబ్బల నుండి రక్షణ, భయము లేని చదువు. వీనిలో డబ్బుతో కొనవలసినవి తక్కువ; తలిదండ్రుల శ్రద్ధతో సమకూరునవి యెక్కువ.

భాషల సంగతి మరియొక మారు చెప్పెదము. తమిళము మనము నివసించు నేల భాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలెను. ఇంగ్లీషు పై చదువులకు, ఉద్యోగములకు కావలెను, దానిని నేర్వవలెను. ఈ రెండింటికి చోటు చేయుటకై తెలుగును తొలగింపనక్కరలేదు. బిడ్డ తలలో చోటు చాలదను భయము శాస్త్రము చేత నిలువదు. బడిలో తెలుగు చెప్పుట మా పని. ఇంటిలో బిడ్డతో తెలుగు మాటలాడుట, రాత్రి పరుండబోవు ముందు ఒక కథ చెప్పుట, వారమున కొక పుస్తకమైన చేతికిచ్చుట మీ పని. ఈ రెండును కలిసిననే ఆ త్రోవ బిడ్డ మెదడులో చెరగకుండ నిలుచును.